సర్ రొనాల్డ్ రాసును సికిందరాబాదు దోమయు

విజయవాడనుండి ఇబ్రహీంపట్నము, మైలవరముల మీదుగా ఉత్తరమునకు బోవు రహదారి తిరువూరు దాటిన పిమ్మట సత్తుపల్లి, కొత్తగూడెములను గడచి భద్రాచలము మన్యమును జేరును. కలప కొఱకును, పశువుల మేత కొఱకును, వ్యాపారము కొఱకును ఆ దారిని పోయినవారు చలిజ్వరమును వెంటబెట్టుకొని యిలు చేరుట మన పెద్దలెఱిగిన సంగతియే. మన్యపు నీరు పడలేదని వారనుకొనుచుండిరి. ఐరోపావారు గాలి చెడినదనుకొనిరి. మలేరియా యను ఇటాలియను మాటకు చెడుగాలి యనియే అర్థము. నీరును గాదు, గాలియును గాదు, నీటబుట్టి గాలిలో నెగురు దోమయే యని తెలియుటకు మొదటి నిదర్శనము దొరకిన చోటు మన తెలుగునేలయందే యున్నది. 1897 సంవత్సరము ఆగష్టు 20 వ తేదీని సికిందరాబాదు దండులోని బేగంపేట ఆసుపత్రియందు రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు సూక్ష్మదర్శినిలో దానిని జూచెను. ఏటేట ఆ తేదీని ప్రపంచమున దోమల దినముగా పాటించుచున్నారు. తిరువూరు ప్రాంతపు చదువరులకు ఆయన చరిత్రము పరాయివాని చరిత్రము కాదని మేము తలంచుచున్నాము.

రాసు చరిత్రము వ్రాయువారు సామాన్యముగా ఆయన యోర్పును, ఆయన పొందిన బహుమానమును వర్ణించి విరమింతురు. మా దృష్టిలో ఆ చరిత్రమునకు ముఖ్యమైన వస్తువు మఱియొకటి కలదు. అది యొక నల్లని రేణువు. మనుష్యుని యెఱ్ఱరక్తకణములో దూరిన ఏకకణజీవి ఆ కణమును లోలోపల దినివేసి విడిచిన మడ్డి అది. ఆ మడ్డి లేకున్నచో రాసు తాను వెదకుచున్న దానిని కన్నులార జూచియు గుర్తింపజాలకయుండెడివాడు.

1857 సంవత్సరము మే 10 వ తేదీని మీరటులో సిపాయిలు తిరుగబడిరి. మూడు దినములు గడచిన పిమ్మట, మే 13 వ తేదీని, కుమాయూను కొండలలోని ఆల్మోరాయందు రాసు జన్మించెను. తండ్రి ఆంగ్ల సైన్యములో నుద్యోగి. తరువాత సేనాపతి పదవి నందినవాడు. ఎనిమిదవయేట బాలుని చదువునకై ఇంగ్లండు పంపిరి. ఆ బాలునకు కవిత్వముమీదను, సంగీతముమీదను, గణితముమీదను మనసు. వైద్యముమీద మాత్రము లేదు. తండ్రి పట్టుదలచేత 1874 లో లండనులోని సెయింటు బర్తలోమ్యూ ఆసుపత్రి విద్యాలయమున జేరెను. పరీక్షలలో నొకటి తప్పెను. కొంతకాలము ఓడ వైద్యుడుగా అట్లాంటికు సముద్రముమీద దిరిగెను. 1881 లో ఇండియను మెడికల్ సర్వీసునందు ప్రవేశించి భారతదేశమునకు వచ్చెను. అప్పుడా యుద్యోగమునకు పరీక్ష లండనులోనే జరుగుచుండెడిది. మనవారిలో సముద్రము దాటుటకు ధనమును ధైర్యమును గల కొందఱకు దక్క తక్కినవారికి ఆ తలుపు మూసియే యుండెను. ఈ సంగతి మున్ముందు జ్ఞప్తియందుంచుకొనదగినది.

మద్రాసు రాజధానిలోని దండులలో ఆయన గడపిన తొలి సంవత్సరములు చెప్పదగినవి కావు. పద్యములు వ్రాసెను, గణితశాస్త్రమును తనంత దాను చదువుకొనెను, ఆటలాడెను. 1883 లో బెంగుళూరున జరిగిన యొక చిన్న సంగతి మాత్రము వేఱు. ఆయన బంగళా కిటికీ బయటనున్న నీళ్లతొట్టిలో దోమపిల్లలు కదలుచుండుట చూచి తొట్టిని బోర్లించెను. ఇంటిలో దోమలు తగ్గెను. సైనికాధికారుల భోజనశాల చుట్టునున్న తొట్లను గూడ బోర్లింపుడని పైయధికారి నడిగెను. దోమలు సృష్టిలో నేదోయొక పనికై యుండబట్టియే యున్నవి గనుక ప్రకృతిక్రమమును చెఱుపరాదని ఆ యధికారి నిరాకరించెను. ప్రభుత్వమువారికిని దోమలకును గల యీ మైత్రి యెంత ప్రాచీనమో చదువరులే గ్రహింతురు.

ఇంతకు మూడేండ్ల ముందు, 1880 సంవత్సరము నవంబరు 6 వ తేదీని, అల్జీరియాలోని కాన్‌స్టాంటీను పట్టణమున లావెరా నను ఫ్రెంచి సైనికవైద్యుడు జ్వరపీడితుని రక్తములో జీవముగల పదార్థములు మెదలుట కనుగొనియుండెను. వానియందు నల్లని రేణువులుండెను. మలేరియాచే మృతినొందినవారి ప్లీహమును మెదడును నల్లబాఱియుండుట వైద్యులెఱిగినదే కాని దాని కారణమెవ్వరికిని దెలియలేదు. రాసునకు లావెరా మాటయందు నమ్మకము గలుగలేదు. చెడిన జీర్ణకోశమే మలేరియాకు మూలమని ఆయన కొంతకాలము వాదించెను. 1894 లో సెలవుమీద లండనునకు బోయినప్పుడు ప్యాట్రిక్ మాన్సను అను వైద్యుడు రక్తపు చుక్కలో ఆ జీవిని చూపి ఆయన సంశయమును దీర్చెను. రక్తము శరీరమునుండి వెలువడిన కొన్ని నిమిషములకు ఆ జీవులలో కొన్నిటినుండి కొరడాలవంటి తంతువులు వెడలి విదలించుకొనుట మాన్సను చూచియుండెను. శరీరమును విడిచిన పిమ్మటనే వానికీ కదలిక గలుగుచున్నది గనుక వాని తరువాతి జీవితము శరీరమునకు బయట నెచ్చటనో, బహుశః రక్తము ద్రావు దోమయందు, జరుగవలెనని ఆయన యూహ. ఆ యూహను పట్టుకొని 1895 లో రాసు సికిందరాబాదు చేరెను.

ఇచ్చట కథ నాపి ఆ జీవి రక్తకణములో చేయు పనిని వివరింపవలసియున్నది. రాసు కాలమున దీనిలో కొంతయే తెలియును. మిగిలినది తరువాతి శాస్త్రజ్ఞుల కృషిఫలము. ఎఱ్ఱరక్తకణము నడుమ నొత్తుకొనిపోయిన చిన్న బిళ్లవంటిది. ప్రాణవాయువును మోయు ఎఱ్ఱని మాంసకృత్తు, అనగా హీమోగ్లోబిను, దానినిండ నుండును. దానికి కేంద్రకము లేదు. తక్కిన కణములు తమలో శత్రువు ప్రవేశించినపుడు పైపొరమీద గుర్తు నిలిపి రక్షకకణములను పిలుచుకొనును. దీనికా శక్తియు లేదు. తలుపు వేసికొని కేక వేయలేని యిల్లిది. మలేరియా జీవియొక్క బీజము రక్తకణమును మొదట ఎట్టెటో తాకి, పిదప తన మొనయైన భాగము కణమువైపు వచ్చునట్లు తిరుగును. ఆ మొనలో తిత్తులవంటివి కలవు. వానిలోని పదార్థములను కణముపొరలోనికి గ్రుచ్చి, తన పట్టుకొమ్మను తానే నాటుకొని, దానిని పట్టుకొని లోనికి జరుగును. కణముపొర చినుగదు, లోపలికి ముడుచుకొని జీవిని చుట్టుకొనును. ఇదంతయు నిమిషమునకు లోపలనే ముగియును. ఇంటివాని గోడతోనే తనకొక గదిని గట్టుకొని యా గదిలో కూర్చుండు దొంగ యెట్టివాడో యీ జీవి యట్టిది.

లోపల జేరినది హీమోగ్లోబినును దినసాగును. అందులో మాంసకృత్తు భాగము దానికి భోజనము. ఇనుముతో గూడిన హీము భాగము మాత్రము విషము. కొలదిగా నున్నచో ఏమో కాని, కుప్పపడినచో అది తినువానినే చంపును. అందుచేత జీవి దానిని పేర్చి, పేర్చి, కరుగని స్ఫటికములుగా మార్చి ఒక మూల బెట్టుకొనును. లావెరా చూచిన నల్లరేణువులివియే. జీవి పెరిగి, విభాగమై, ఒకటి పదునాఱో యిరువదియో యగును. అప్పుడు కణము పగులును. బీజములు క్రొత్త కణములను వెదకుకొనిపోవును. రేణువులును మడ్డియును రక్తములో గలియును. అనేక కణములొక్కసారి పగులుటయే చలియు వణుకును జ్వరమును. ఇటలీలో గోల్జీ 1885 లోను ఆ తరువాతను దీనిని గనిపెట్టెను. ఒకజాతి జీవికి నలువదియెనిమిది గంటలకును, మఱియొకజాతికి డెబ్బదిరెండు గంటలకును ఈ పగులు వచ్చును. మన ఆయుర్వేదమువారు విషమజ్వరములలో తృతీయకమనియు చతుర్థకమనియు వేఱుచేసినది యీ క్రమమునే. నాడిని మాత్రము చూచి యెంచిన లెక్కయు, కణము పగిలిన గడియ చూచి యెంచిన లెక్కయు సరిపోవుట మాకు మిక్కిలి సంతోషకరముగా దోచుచున్నది. పగిలిన కణములను, సోకిన కణములను జల్లెడపట్టవలసిన భారము ప్లీహముమీద బడును. మన పల్లెలలో కడుపున బల్ల పెరిగినదనుట యిదియే. మన్యపు జ్వరములలో ప్రాణాంతకమైన జాతి, ఫాల్సిపారము, ఇంకొక యుక్తి చేయును. తాను దూరిన కణముపైన బుడిపెలు లేపి, జిగురువంటి మాంసకృత్తు నచ్చట నిలిపి, సన్ననాళముల గోడలకు కణమును అతికించును. ప్లీహపు జల్లెడకు చిక్కకుండుటకై అది చేయు నీ పనియే మెదడు నాళములను పూడ్చి రోగిని స్మృతిదప్పించును. మన్యములోని కొన్ని తెగలవారి రక్తమున కొడవలి ఆకారపు కణముల లక్షణము వంశానుగతముగా కనబడుటకు గూడ తరతరముల యీ పోరాటమే కారణమని శాస్త్రజ్ఞులు నిశ్చయించియున్నారు. తల్లిదండ్రులలో నొక్కరినుండి మాత్రమే అది సంక్రమించినవానికి ఈ మలేరియా ప్రాణాపాయము తగ్గును. ఇద్దఱినుండియు వచ్చినచో అదియే మహారోగమగును.

సికిందరాబాదులో రాసు చేసిన పనికి మరలుదము. 1895 లో ఒక రోగి దొరకెను. దోమతెరలోపల నతనిని పరుండబెట్టి, దోమలను విడిచి, కుట్టిన దోమకొక అణా చొప్పున నిచ్చెడివాడు. ఆ దోమలను గోసి చూడగా ఏమియు దొరకలేదు. కారణమేమనగా అవి వేఱుజాతి దోమలు. మలేరియా జీవి వానిలో బ్రతుకదు. అప్పటికి దోమలలో నిన్ని జాతులున్నవనియు, వానిలో కొన్నియే మోయుననియు రాసు ఎఱుగడు. మాన్సను ఊహలో నొక తప్పు గూడ నుండెను. దోమ నీటిలో గ్రుడ్లుపెట్టి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆయన తలంచెను. మన పల్లెటూరివారి నీటిమాటయే లండను పండితునిమాటయు నాయెను. దానిని పరీక్షించుటకై రాసు రోగిరక్తము ద్రావిన దోమలు చచ్చిన నీటిని లక్ష్మణుడను యువకుని చేత త్రాగించెను. కొన్నిదినములకు వానికి కొద్దిపాటి జ్వరము వచ్చి తగ్గెను. తరువాత మఱికొందఱిచేత త్రాగించినపుడు నిలకడయైన ఫలము గానరాలేదు. ఆ మార్గము విడువబడెను.

ఈ సంగతిని మేము దాచి వ్రాయుట తగదు. అణాలకై రక్తమిచ్చినవాడును, జ్వరము వచ్చునో రాదో యని నీరు త్రాగినవాడును బీదలు. ఒప్పుకొనుటకును నిరాకరించుటకును వారికెంత స్వాతంత్ర్యముండెనో దండు ఆసుపత్రి నెఱిగినవారు చెప్పగలరు. నేడట్టి ప్రయోగమునకు నిబంధనలు సమ్మతింపవు. అయినను రాసు వారి పేరులను తన నోటుపుస్తకములలో వ్రాసియుంచెను. ఆ కాలపు దొరలలో అదియు నందఱు చేసిన పని కాదు. ఆయన పరిశోధనలను కొనియాడు గ్రంథములలో హుసేను ఖాను పేరు చివర నొక పంక్తిలో వచ్చి పోవుటయే మాకు కష్టముగా నున్నది. ఆ నల్లరేణువు మొదట తయారైనది అతని రక్తకణములలోనే గదా.

1895 సెప్టెంబరులో ప్రభుత్వము రాసును కలరా నివారణమునకై బెంగుళూరు పంపెను. పని నిలిచిపోయెను. 1897 లో సెలవు దీసికొని ఉదకమండలము దిగువనున్న సీగూరు కనుమలో జ్వరపు తావులను పరీక్షింపబోయి తానే మలేరియా పాలబడెను. జూనులో సికిందరాబాదునకు దిరిగివచ్చెను. ఆగష్టులో ఆయన యనుచరులు తెచ్చిన పురుగులనుండి క్రొత్తరకపు దోమలు వెడలెను: చిన్నవి, గోధుమవన్నెవి, ఱెక్కలమీద మచ్చలుగలవి, గోడమీద వ్రాలినపుడు తోక పైకెత్తి నిలుచునవి. నేడు మనము అనాఫిలిసు దోమలందుము. 16 వ తేదీని వానిని హుసేను ఖాను తెరలోనికి విడిచిరి.

ఆ దినములలో సికిందరాబాదున ఉక్క దుస్సహముగా నుండెను. పంకా వేసినచో కోసిన దోమముక్కలెగిరిపోవును గనుక వేయుటకు వీలు లేదు. నొసటినుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. కంటి యద్దము బీటవాఱెను. చిన్న యీగలు కన్నులమీద ముసరుచుండెను. 20 వ తేదీ నాటికి మచ్చలరెక్కల దోమలలో మిగిలినవి మిక్కిలి కొద్ది. వానిలో నొకదానిని గోసి కడుపుగోడను అంగుళమంగుళము గాలించుచుండగా, దోమ కడుపున సాధారణముగా నుండని గుండ్రని కణమొకటి కానవచ్చెను. అట్టివి మఱికొన్నియు కనబడెను. దోమశరీరమున నెన్నియో గుండ్రని వస్తువులుండును. ఇది దోమదేయని త్రోసివేయవచ్చును. కాని దానిలో నల్లరేణువులుండెను. రోగుల రక్తములో తాను వేలసారులు చూచిన రేణువులే అవి. దోమశరీరమున వానిని జేయు నుపాయము లేదు. హీమోగ్లోబినును దినిన మలేరియా జీవియే వానిని మోసికొనిరావలెను. మఱునాడు ఇంకొక దోమను గోయగా ఆ కణములు నిన్నటికంటె పెద్దవైయుండెను. అనగా అవి బ్రతికియున్నవి, పెరుగుచున్నవి. ఆ రాత్రి రాసు ఒక పద్యము వ్రాసికొనెను. ఫలితమును ఆ సంవత్సరము డిసెంబరు 18 వ తేదీ బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించెను.

ఇట్టి దశయందు ప్రభుత్వము చేసిన పని యేమి? వెంటనే ఆయనను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసెను. అచ్చట మలేరియా రోగులు దొరకుటయే కష్టము. అయిదు మాసములు వృథయైనవి. మాన్సను పట్టుబట్టుటచేత 1898 ఆరంభమున కలకత్తాలో పరిశోధనకు వీలు గలిగెను. కలకత్తాయందు జనులు సూది నొల్లరైరి. ప్లేగు నివారణపేరిట జరిగిన బలాత్కారములు వారి మనసునందుండగా రక్తమిమ్మని యడుగువానిని వారు నమ్మకపోవుటలో నాశ్చర్యము లేదు. అప్పుడు రాసు పక్షులకు వచ్చు మలేరియాను దీసికొనెను. మహమ్మదు బక్షు అను సహాయుడు పిచ్చుకలను పట్టుటలోను, దోమలను పెంచుటలోను రేయింబవళ్లు తోడ్పడెను. దోమ కడుపుగోడమీది కణములు పెరిగి పగులుననియు, వానినుండి వెడలిన సన్నని కడ్డీలవంటి బీజములు దోమ లాలాజలగ్రంథిని జేరుననియు 1898 జూలైలో రాసు కనుగొనెను. అట్టి దోమలచేత ఆరోగ్యముగల పిచ్చుకలను కుట్టించి వానికి జ్వరము తెప్పించెను. నీరు త్రాగుటవలన గాదు, కాటువలన. చక్రము పక్షులయందు పూర్తియాయెను. మనుష్యులయందు అనాఫిలిసుద్వారా అదియే జరుగునని ఆ సంవత్సరాంతమునకు ఇటలీలో గ్రాసీ, బిన్యామి, బాస్తియనెల్లి యను మువ్వురు చూపిరి.

ఎవరిది ముందు అను కలహము మాత్రము జీవితాంతము రాసును విడువలేదు. గ్రాసీని ఆయన దూషించిన తీరు ఆయన యశస్సునకు తగినది కాదని మా యభిప్రాయము. పిచ్చుకలలో రాసు చూపినది ముందు; మనుష్యులలో గ్రాసీ బృందము చూపినది తరువాత; రెండును గొప్పవియే. 1902 లో నోబెలు బహుమానము రాసు ఒక్కనికే వచ్చెను. లావెరాకు 1907 లో వచ్చెను. గ్రాసీకి రానేలేదు.

1899 లో రాసు ఇండియా కొలువు విడిచి లివర్‌పూలులో అధ్యాపకుడాయెను. సియరా లియోను మొదలగు తావులలో దోమల నివారణమునకు దిరిగెను. 1903 లో మన మద్రాసు నగరముతో ఆయనకు మరల సంబంధము గలిగెను. మద్రాసు ఆసుపత్రి వైద్యుడు డోనవను కాలాజ్వరపు రోగి ప్లీహమున నొక క్రొత్త జీవిని గనుగొని నమూనాలు పంపగా, లీష్మను, డోనవనుల యిద్దఱి పేరులు గలియునట్లు లీష్మానియా డోనవాని యని దానికి నామకరణము చేసినవాడు రాసే. ఆ జీవి మలేరియా జీవికంటె సాహసి. కేకవేయలేని యెఱ్ఱకణమున గాక, సూక్ష్మజీవులను మ్రింగి జీర్ణముచేయు రక్షకకణములోనే అది కాపురముండును. మ్రింగినవాని కడుపులో అఱగక, అచ్చటనే విభాగమై పెరుగును. ఠాణాలోనే మకాము పెట్టిన దొంగ.

రాసు చేసిన గణితము ఆయన సూక్ష్మదర్శినికంటె మన రైతులకు సన్నిహితమైనదని మేము భావించుచున్నాము. ఊరిలో ప్రతిదోమను జంపినగాని మలేరియా పోదని జనులు నిరాశపడుచుండిరి. దోమల సంఖ్య యొక మేరకు దిగువకు దిగినచో, ఒక రోగినుండి సగటున ఒక్కనికైనను వ్యాధి తగులదనియు, అప్పుడది తనంత నశించుననియు ఆయన లెక్కగట్టి చూపెను. అంటువ్యాధులకు నేడు శాస్త్రజ్ఞులు వేయు లెక్కలన్నిటికిని ఇదియొక మూలము. మన ప్రాంతమున మలేరియా మోయు ముఖ్యమైన అనాఫిలిసుజాతి మురుగుకుంటలలో గాక శుభ్రమైన నీటిలో, పంటకాలువల యంచులలో, పొలముబోదెలలో, వాగుల మడుగులలో బుట్టును. చెరువులమీదను, సాగరు ఎడమకాలువ నీటిమీదను సేద్యముచేయు తిరువూరు ప్రాంతపు భూస్వాములు బోదెలలో పూడిక దీయించుటకును, గండిపడిన తూములను బాగుచేయించుటకును పంట యొక్కటే కారణము కాదు.

ఇంతవఱకు రాసు ఎఱిగినది. దోమ కాటువేసిన పిమ్మట, రక్తకణములలో జీవి కనబడుటకు ముందు, వారమో పదిదినములో గడచును. ఆ కాలమున అది యెచ్చటనుండునో ఆయనకు దెలియదు. నేరుగా రక్తకణమున దూరుననియే ఆ తరమువారు తలంచిరి. 1948 లో షార్టు, గార్న్‌హాము అను వారు దాని దాగుడుచోటు కాలేయకణమని చూపిరి. షార్టు గూడ మన దేశపు ఇండియను మెడికల్ సర్వీసువాడే. దోమ విడిచిన బీజము రక్తములో గొట్టుకొనిపోయి, నాళపు గోడను దాటి, కొన్ని కాలేయకణములను గుచ్చుకొని యావలకుబోయి, తుద కొకదానియందు నిలిచి వేలకొలది బీజములగును. అచ్చట హీమోగ్లోబిను లేదు గనుక నల్లరేణువు లేదు. రేణువు జాడబట్టి పోయినవారికి కాలేయము కనబడకుండుట వింతగాదు. వైవాక్సు అను జాతిలో కొన్ని బీజములు కాలేయమున నిద్రించి మాసములు గడచిన పిమ్మట మేల్కొనునని 1980 తరువాత స్పష్టమాయెను. వానకాలమున వచ్చి మందుతో తగ్గిన జ్వరము, క్రొత్తగా దోమ కుట్టకయే మరల వేసవిలో వచ్చుట కిది కారణము. క్లోరోక్వీను రక్తకణములోని జీవిని హీము విషమును స్ఫటికము చేయనీక, దాని విషముతో దానినే చంపును. నిద్రించు బీజమును తాకదు. దానికి ప్రైమాక్వీను వేఱుగా, సామాన్యముగా పదునాలుగు దినములు, వైద్యుని పరీక్షమీద వాడవలెను. గర్భవతులకును కొందఱు విశేషరక్తము గలవారికిని అది కూడదు. మూడవనాడు జ్వరము విడువగానే మాత్రలను గూటిలో బెట్టువారు మన పల్లెలలో తక్కువ కాదు. 2021 లోను 2023 లోను ప్రపంచ ఆరోగ్యసంస్థ అంగీకరించిన రెండు టీకాలును బీజము కాలేయకణమున జొరబడకుండ జేయుటకే యుద్దేశింపబడినవి. వానిలో రెండవదానిని పూనాలో తయారుచేయుచున్నారు.

స్వాతంత్ర్యము వచ్చునాటికి భారతదేశమున ఏటికి ఏడున్నరకోట్లమందికి మలేరియా వచ్చుచుండెననియు, ఎనిమిదిలక్షలమంది చనిపోవుచుండిరనియు లెక్క. డీడీటీ ప్రయోగముచే 1960 తరువాత అది లక్షకు దిగెను. అశ్రద్ధచేతను, మందునకు లొంగని దోమలచేతను 1976 లో మరల అఱువదినాలుగు లక్షలకెక్కెను. నేడు మరల మిక్కిలి తగ్గినది. 2030 నాటికి నిర్మూలింపవలెనని సంకల్పము. ప్రపంచమున మాత్రము 2023 లో సుమారు ఆఱులక్షలమంది దీనిచే మృతినొందిరి. వారిలో నత్యధికులు ఆఫ్రికా శిశువులు.

రాసు 1911 లో సర్ బిరుదు నందెను. 1926 లో ఆయన పేర లండనులో నొక పరిశోధనాలయము వెలసెను. 1927 లో కలకత్తా వచ్చి తన స్మారకద్వారమును తానే చూచుకొని పోయెను. ఆ యేడే పక్షవాతము వచ్చెను. ప్రభుత్వము తనకు తగిన ధనమీయలేదని ఫిర్యాదు మానలేదు. తన కాగితములను సైతము విక్రయించెను. 1931 లో భార్య గతించెను. 1932 సంవత్సరము సెప్టెంబరు 16 వ తేదీని ఆయన లండనులో మరణించెను. బేగంపేటలో ఆయన పనిచేసిన కట్టడము నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయముతో సంబంధించి ఆయన పేర నిలిచియున్నది. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికిని ఆయన పేరే పెట్టిరి. మన్యము రోగుల రక్తపుచుక్కలు గాజుపలకమీదికి వచ్చినపుడు పరీక్షకులు నేటికిని వెదకునది ఎఱ్ఱకణములోని ఆ జీవినే.